ఇంగ్లండు పెట్టె, బేగంబజార్ సరుకు

ఆ కెమిస్ట్రీ సెట్టు పెట్టెలో సగం గాలే. మూత తీస్తే నిండుగానే కనిపించేది. తెల్లటి ప్లాస్టిక్ ట్రే, దేనికి దానికి అచ్చుపోసిన గుంటలు, వాటిలో నిలబెట్టిన బుల్లి డబ్బాలు, ఒక పక్క టెస్ట్ ట్యూబులు, ఇంకో పక్క గరాటు, స్పిరిట్ దీపం, చెక్క పట్టకారు. ట్రే అంచులు పట్టుకుని పైకెత్తితే మాత్రం కింద నాలుగు వేళ్ల లోతున ఏమీ లేదు. మా అన్నయ్య ఆ సంగతి మొదటిరోజే కనిపెట్టి, "అంతా మోసం, పెట్టె పెద్దది చేసి డబ్బులు గుంజారు" అని తేల్చేశాడు. నాకేమో ఆ పెట్టె మొత్తంలో నచ్చింది ఆ డొల్లే. రెండు గదుల ఇంట్లో ఎవరికీ తెలియని అర ఒకటి దొరికితే తొమ్మిదేళ్ల పిల్లకి అంతకంటే ఏం కావాలి?

1985 వేసవి అది. హైదరాబాద్ నల్లకుంటలో ఒక మేడ మీద వాటాలో ఉండేవాళ్లం. ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివి ఇంగ్లండు వెళ్లిపోయిన మా చిన్న మామయ్య మొదటిసారి ఇంటికొచ్చాడు. బొంబాయిలో విమానం దిగి, రాత్రంతా రైల్లో కూర్చుని నాంపల్లి స్టేషన్‌కి చేరాడు. సూట్‌కేసు తాళం తీసే వేళకి కింది వాటా వాళ్లూ, పక్కింటి వాళ్లూ అందరూ మా గదిలోనే ఉన్నారు. అమ్మకి నైలాన్ చీర, నాన్నకి షేవింగ్ సెట్టు, అన్నయ్యకి కెమిస్ట్రీ సెట్టు, నాకు కళ్లు మూసి తెరిచే బొమ్మ. బొమ్మ పెట్టెకి ముందువైపు సెల్లోఫేన్ కాగితం ఉండేది. మాసిపోతుందని అమ్మ దాన్ని విప్పనివ్వలేదు, పెట్టెతో సహా షోకేసులో పెట్టేసింది. పదో క్లాసు దాకా ఆ బొమ్మని షోకేసు అద్దం వెనక, సెల్లోఫేన్ వెనక చూడటమే తప్ప ముట్టుకున్న పాపాన పోలేదు. ఇక నేను అన్నయ్య పెట్టె మీద పడక ఏం చేస్తాను?

ఆ పెట్టె మూత నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. రంగుల ఫొటో. తెల్లకోటు కింద టై కట్టుకున్న ఒక దొరల అబ్బాయి టెస్ట్ ట్యూబుని కంటి ఎత్తున పట్టుకుని, అందులో ఎర్రటి నీళ్లని తదేకంగా చూస్తుంటాడు. వాడి భుజం వెనక రెండు జడల పిల్ల ఒకతి. ఆ పిల్ల చేతిలో ఏమీ లేదు. ఊరికే చూస్తోంది, అదీ ట్యూబుని కాదు, వాడిని. పక్క అంచు మీద 150 ప్రయోగాలు అని పెద్ద అంకె, పదేళ్లు దాటిన వాళ్లకి మాత్రమే అని చిన్న అక్షరాలు. నూటయాభైలో ఉప్పు నీళ్లలో కరిగించడం ఒక ప్రయోగం, ఆ నీళ్లు వడగట్టడం ఇంకొకటి, మరిగించి ఉప్పు మళ్లీ తీసుకోవడం మూడోది. అంకె అలా పెరిగిందన్నమాట. మా స్కూల్లో సోషల్ టీచరు ఒక్క ప్రశ్నని మూడు ముక్కలు చేసి నోట్సు చెప్పే పద్ధతే.

డబ్బాల మీద లేబుళ్లు ఇంకో లోకం. సోడియం హైడ్రోజన్ కార్బనేట్. అల్యూమినియం పొటాషియం సల్ఫేట్. అమ్మోనియం క్లోరైడ్. ఒకటి రెండు డబ్బాల మీద ఆరంజ్ రంగు చదరం, అందులో నల్లటి ఇంటూ గుర్తు. ఒంటికి హాని చేసే పదార్థం అని యూరప్ దేశాల్లో అప్పట్లో వేసే గుర్తు అది, ఇప్పుడు దాని స్థానంలో ఎర్ర అంచుల డైమండ్ గుర్తు వచ్చింది. మాకు తెలిసిన ఇంటూ గుర్తు ఒక్కటే, లెక్క తప్పయితే మాస్టారు పెట్టేది. దాన్ని చూసి నిజంగా బెదిరింది అమ్మ ఒక్కతే. "విషం కాబట్టే కొట్టేశారు" అని తీర్మానించి, సెట్టు మొత్తాన్ని బీరువా మీదికి ఎక్కించింది. కావాలంటే నాన్న దింపాలి, పని అయ్యాక చేతులే కాదు, మోచేతుల దాకా కడుక్కోవాలి, ఆ బట్టలతో వంటింట్లోకి రాకూడదు. మడి కంటే కఠినం.

స్పిరిట్ దీపం ఖాళీగా వచ్చింది. విమానంలో స్పిరిట్ తేనివ్వరు కదా. మందుల షాపులో అడిగి తెచ్చేదాకా ఆగలేక అన్నయ్య రేషన్ కిరసనాయిలు పోశాడు, నీలం రంగు వేసి ఇచ్చేవారు చూడండి, అది. మొదటి రాత్రికే రెండు ట్యూబులు మసిబారిపోయి లోపల ఏం జరుగుతోందో కనపడకుండా పోయింది. తర్వాత మామయ్యే స్పిరిట్ సీసా తెచ్చిపెట్టి, తిరుగు ప్రయాణానికి ముందు మా ఇద్దరికీ ఒక పాఠం చెప్పాడు. ట్యూబు మూతి ఎవరి మొహం వైపూ తిప్పొద్దు. వాసన చూడాలంటే ముక్కు దగ్గర పెట్టుకోవద్దు, చేత్తో ఇటువైపు విసురుకోవాలి. ఆ రెండో ముక్క మాకు పనికొచ్చింది.

గంధకం, ఇనప రజను కలిపి వేడిచేస్తే ఎర్రగా రాజుకుని నల్లటి గడ్డ అవుతుంది. ఐరన్ సల్ఫైడ్. అక్కడితో ఆగితే బాగుండేది. పుస్తకంలో తర్వాతి పేజీలో, ఆ గడ్డ ముక్క మీద సోడియం హైడ్రోజన్ సల్ఫేట్ నీళ్లు పోయమని ఉంది. పిల్లల చేతికి సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇవ్వలేరు కాబట్టి ఆ సెట్లలో ఈ తెల్లపొడి ఇచ్చేవారు, నీళ్లలో కలిపితే ఆమ్లం చేసే పని చాలావరకు చేస్తుంది. అన్నయ్య పోశాడు. పోసింది చిన్న పిసరు మీదే. అయినా వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన కోడిగుడ్డు కంపు. గుడ్డు గడప తొక్కని ఇల్లు మాది. కింది వాటా వాళ్లది ఇంకా నిష్ఠ, ఇల్లు కూడా వాళ్లదే. పది నిమిషాల్లో ఓనరు గారు మెట్లెక్కి వచ్చారు. తిన్నగా అడగలేరు, అడక్కుండా ఉండలేరు. "ఏమండీ, మీ ఇంటికి ఇవాళ చుట్టాలెవరైనా వచ్చారా?" అన్నారు నాన్నతో. అది కెమిస్ట్రీ అని నాన్న ఎంత చెప్పినా ఆయన మొహంలో అనుమానం పోలేదు. నాయనమ్మ సాయంత్రం దాకా సాంబ్రాణి వేస్తూనే ఉంది. గంధకం డబ్బా ఆ పూటే మాయమైంది, ఎక్కడ పారేసిందో అమ్మ ఇంతవరకు చెప్పలేదు.

మెగ్నీషియం రిబ్బన్ సంగతి చెప్పాలంటే ఒక్క ముక్కలో అయిపోతుంది, ఎందుకంటే అదీ అలాగే అయిపోయింది. ముక్కలు ముక్కలుగా వాడుకోవాల్సిన చుట్టని అన్నయ్య కరెంటు పోయిన రాత్రి డాబా మీద ఒకేసారి వెలిగించాడు. చుట్టుపక్కల డాబాల మీద పడుకున్నవాళ్లంతా లేచి కూర్చున్నారు.

కోబాల్ట్ క్లోరైడ్ చాలాకాలం నిలిచింది. వడపోత కాగితాన్ని దాని నీళ్లలో ముంచి ఆరబెడితే, పొడిగా ఉన్నప్పుడు నీలం, తేమ తగిలితే గులాబీ రంగు. ఒక పట్టీ కత్తిరించి తెలుగు క్యాలెండరు అంచున అంటించాం. మే నెలంతా నీలంగా ఉంది, హైదరాబాద్ ఎండల్లో తేమ ఎక్కణ్ణుంచి వస్తుంది? మృగశిర కార్తె దగ్గరపడ్డాక ఒకరోజు పొద్దున్న చూస్తే పట్టీ రంగు తిరిగింది. ఆ రోజు వాన పడిందో లేదో గుర్తులేదు కానీ, నాన్న ఆఫీసుకి వెళ్తూ పట్టీ చూసి గొడుగు తీసుకెళ్లడం గుర్తుంది. ఇదే కోబాల్ట్ క్లోరైడ్‌ని 2008లో యూరప్‌లో అత్యంత ఆందోళనకరమైన పదార్థాల జాబితాలో చేర్చారు, క్యాన్సర్ తెస్తుందని. మా క్యాలెండరు పక్కనే రోజూ కూర్చుని పారాయణ చేసిన నాయనమ్మ తొంభై దాటి బతికింది. ఒక్కరిని చూసి ఏదీ అనలేం, ఊరికే గుర్తొచ్చి చెప్పానంతే.

సిరా రోజు మాత్రం తాతయ్యది. టానిక్ ఆమ్లం డబ్బాలోంచి ఒక చెంచా, ఫెర్రిక్ అమ్మోనియం సల్ఫేట్ ఒక చెంచా, వేరువేరుగా నీళ్లలో కలిపి రెండూ ఒకే ట్యూబులో పోస్తే కళ్ల ముందే నల్లబడింది. అన్నయ్య గొప్పగా తెచ్చి చూపిస్తే తాతయ్య పేపరు పక్కనపెట్టి, కళ్లజోడు కూడా సర్దుకోకుండా, "కరక్కాయ సిరా" అన్నాడు. వాళ్ల బడి రోజుల్లో కరక్కాయ పెచ్చులు కుండలో ఉడకబెట్టి, ఆ కషాయంలో అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, కలిపి సిరా చేసుకునేవారట. మర్నాడే మాచేత రెండూ తెప్పించాడు. అమ్మ బెదిరిపోయే పెట్టె కాదుగా, కరక్కాయ వంటింట్లోనే ఉడికింది. అన్నభేది వేసిన తర్వాత అది మా సిరా అంత నల్లగా రాలేదు, నీరు నీరుగా ఉంది. అన్నయ్య మొహంలో గెలుపు. తాతయ్య తొందరపడలేదు. పాత కలంతో ఒక తెల్లకాగితం మీద ఏదో పద్యం రాసి, రేపు చూడమన్నాడు. తెల్లారేసరికి అక్షరాలు నల్లగా దిగబడి ఉన్నాయి. గాలి తగిలితే తప్ప అన్నభేదిలో ఇనుము నల్లరంగు ఇచ్చే రూపానికి మారదు, మా డబ్బాలో ఉన్నది ముందే మారిన ఇనుము. ఈ కారణం నాకు ఇంటర్‌లో గానీ తెలియలేదు. తాతయ్యకి కారణం తెలియదు, రేపటికి నల్లబడుతుందని తెలుసు. ఆ ఊపులో తన తండ్రి రాసిన జమాఖర్చుల పుస్తకం కూడా ట్రంకుపెట్టెలోంచి తీశాడు. కొన్ని పేజీల్లో అక్షరం ఉన్నంత మేరా కాగితం తినేసి చిల్లులు పడి ఉంది. ఆ సిరాలో పులుపు అంత పనిచేస్తుంది. అప్పులు కూడా చెరిగిపోయాయని నవ్వాడు.

ఇంతా చేసి అన్నయ్యకి తీరని కోరిక ఒకటుండేది. మూత మీద కుర్రాడి చేతిలో ఉన్న ఎరుపు. ఏ ప్రయోగం చేస్తే ఆ రంగు వస్తుందో పుస్తకంలో ఎక్కడా లేదు. ఫినాఫ్తలిన్ వేసి చూశాడు, ముదురు గులాబీ వచ్చింది, మెరూన్ ఎరుపు రాలేదు. పుస్తకంలో ఎర్ర క్యాబేజీ ఉడకబెట్టిన నీళ్లతో ఏదో చేయమని ఉంది. 1985లో నల్లకుంట కూరగాయల బజారులో ఎర్ర క్యాబేజీ అడిగితే బండివాడు ఎర్రగడ్డలు చూపించాడు. మందారపూలు నలిపి చూస్తే ఆమ్లంలో ఎరుపు తిరిగింది కానీ పలచన. ఫొటోలో రంగునీళ్లు పోసి ఉంటారని నాన్న అన్నాడు, అన్నయ్య ఒప్పుకోలేదు. అంత పెద్ద కంపెనీ అబద్ధం ఎందుకాడుతుందని వాడి వాదన. పెట్టె అడుగు డొల్లని మోసమన్నవాడు వీడే.

శ్రావణమాసంలో మా పిన్ని కొత్తపెళ్లికూతురిగా ఇంటికొచ్చింది. గుమ్మంలో నిలబెట్టి నాయనమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీసింది. ఇత్తడి పళ్లెంలో నీళ్లు, వేలి కొసతో పసుపు, తమలపాకుల పెట్టెలోంచి ఒక పిసరు సున్నం. కలుపుతుంటే పసుపు కాస్తా తిరిగి ఎర్రబడింది. ఎన్నిసార్లు చూశామో ఆ నీళ్లు, పుట్టినరోజులకి, ప్రయాణాలకి, జ్వరం తగ్గినప్పుడు. ఆ రోజే అన్నయ్య పెట్టె వైపు చూశాడు, నేను పళ్లెం వైపు చూశాను. నాయనమ్మ వీధిలో పారబోయబోతుంటే అన్నయ్య ట్యూబు పట్టుకుని పరిగెత్తాడు. దిష్టినీళ్లు ఇంట్లోకి తేకూడదని ఆవిడ గోల. కొత్తగా కలుపుకోండర్రా అని పసుపూ సున్నమూ ఇచ్చేసరికి గొడవ తీరింది. ట్యూబులో పోసి కిటికీ దగ్గర కంటి ఎత్తున పట్టుకున్నాం. అదే ఎరుపు. పక్కన మూత నిలబెట్టి మరీ చూశాం. నిమ్మకాయ చుక్కలు పిండితే మళ్లీ పసుపు. ఇంకాస్త సున్నం వేస్తే మళ్లీ ఎరుపు. పట్టుకున్నది నేను, చూసింది అన్నయ్య. ఆ సంగతి వాడు ఇప్పుడు ఒప్పుకోడు.

డబ్బాల్లో సరుకు వర్షాలు ముదిరేలోపే అడుగంటింది. ఒక్కోదానిలో ఉన్నది కాస్తంతే. మామయ్యకి ఉత్తరం రాద్దామంటే నాన్న నవ్వి, ఆదివారం మమ్మల్నిద్దరినీ బస్సెక్కించి బేగంబజార్ తీసుకెళ్లాడు. సందంతా గోనెసంచులు, మిరపకాయల ఘాటు, హమాలీల కేకలు. ఒక పాత దుకాణంలో నాన్న జేబులోంచి చీటీ తీశాడు. లేబుళ్ల మీది పేర్లన్నీ తాతయ్యని, ఆఫీసులో ఎవరినో అడిగి తెలుగులోకి, అక్కణ్ణుంచి ఉర్దూలోకి మార్చి రాసుకొచ్చాడు. దుకాణదారు చదివి, "నీలా తూతా ఎందుకు, బైండింగ్ పనా?" అన్నాడు. పుస్తకాలు బైండు చేసే మైదా జిగురులో పురుగు పట్టకుండా నీలా తూతా, అంటే మైలుతుత్తం, లేబులు భాషలో కాపర్ సల్ఫేట్, కలుపుతారు. పిల్లల చదువుకి అని నాన్న చెప్పగానే ఆయన నా వైపు చూసి, "హాత్ ధోనా బేటీ, ముంహ్ మే నహీ డాల్‌నా" అన్నాడు. అమ్మ పెట్టిన రూల్సే, ఉర్దూలో.

మైలుతుత్తం రాళ్లు రాళ్లుగా, మా డబ్బాలో పొడి కంటే నిక్కమైన నీలంలో ఉంది. పటిక ఒకే పెద్ద గడ్డ, సుత్తితో కొట్టి ఇచ్చాడు. అన్నీ ఉర్దూ పేపరు పొట్లాల్లో కట్టి, పైన దారం చుట్టాడు. మొత్తం ఎంతయిందో నాకు తెలియదు కానీ, తిరుగు దారిలో నాన్న మమ్మల్ని సుల్తాన్‌బజార్‌లో దింపి సమోసాలు కొనిపెట్టాడంటే పెద్ద ఖర్చు అయి ఉండదు. నవాసారం, అదే అమ్మోనియం క్లోరైడ్, మాత్రం కొనే పని పడలేదు. ఇత్తడి గిన్నెలకి కళాయి పోసే అతను మా వీధిలోకి వచ్చినప్పుడు అన్నయ్య డబ్బా లేబులు అతనికి చూపించి ఏదో చెప్పాడు. అతనికి లేబులు అర్థం కాలేదు, డబ్బా అడుగున మిగిలిన పొడి చూడగానే అర్థమైంది. కాలుతున్న గిన్నెలో గుప్పెడు చల్లి తెల్లటి పొగ లేపి చూపించి, ఒక గడ్డ ఊరికే ఇచ్చాడు. మేం ట్యూబులో చిటికెడు వేసి అంతసేపు కాచి చూసిన పొగని అతను వీధి నిండా లేపాడు.

ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. పొట్లం విప్పడం, కల్వంలో నూరడం, బుల్లి డబ్బా నింపడం, మిగిలింది మళ్లీ పొట్లం కట్టి ట్రే కింద డొల్లలో దాచడం. ఆ పని నాది. అక్కడే ఒక వింత చూశాను. పొట్లంలో ఉన్నంతసేపు అది సరుకు. అమ్మ పటికని చేత్తో తీసుకుని తాగే నీళ్ల బిందెలో ఒక తిప్పు తిప్పేది. అదే పటిక పొడి అల్యూమినియం పొటాషియం సల్ఫేట్ అని రాసిన డబ్బాలోకి వెళ్లిందంటే చాలు, చీరకొంగు అడ్డం పెట్టుకుని దూరం జరిగేది. వంటసోడా అయితే మరీ. వంటింట్లో గట్టు మీద ఉన్న డబ్బాలోంచి నా కళ్ల ముందే నేను రెండు చెంచాలు తీసి సోడియం హైడ్రోజన్ కార్బనేట్ డబ్బాలో పోశాను, ఆవిడే ఇచ్చింది. ఒక ఆదివారం బజ్జీల పిండి కలుపుతుంటే ఇంట్లో సోడా నిండుకుంది. "నా డబ్బాలో ఉందిగా అమ్మా, మనదే" అన్నాను. "ఆ విషం నా పిండిలోనా?" అని నన్ను కింది వాటాకి తరిమి అరువు తెప్పించింది. అప్పుడు నవ్వుకున్నాం గానీ ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే అమ్మ ఒక్కతే కాదు, మేమూ ఆ పెట్టెకి లొంగినవాళ్లమే. ఇంట్లో సున్నం, పటిక, సోడా, పసుపు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం, ఒక్కనాడూ ఒకదాంతో ఒకటి కలిపి చూడాలనిపించలేదు. గుంటల్లో నిలబెట్టి లేబులు అంటిస్తే తప్ప.

ఆ ఏడాది సంక్రాంతి బొమ్మల కొలువులో మూడో మెట్టు మీద రాముడి పరివారానికి పక్కగా ఒక జామ్ సీసా పెట్టాం. సెట్టులో వచ్చిన సోడియం సిలికేట్ నీళ్లలో కలిపి, మైలుతుత్తం పలుకు ఒకటి, కోబాల్ట్ పలుకు ఒకటి జారవిడిచాం. పలుకు చుట్టూ పలుచటి పొర కట్టి, లోపలికి నీరు పీల్చుకుని పొర పగిలి, పగిలినచోట మళ్లీ పొర కట్టి, అలా గంటలో నీలం కొమ్మలు, ఊదా కొమ్మలు పైకి లేచాయి. పేరంటానికి వచ్చినవాళ్లు శెనగలు తీసుకుని, పాట పాడటం మర్చిపోయి సీసా ముందు కూర్చున్నారు. అది మొలకెత్తిందని ఒకావిడ, చేపలు ఎక్కడని ఇంకొకావిడ. అమ్మ దూరం నుంచే జవాబులు చెప్పింది.

అన్నయ్య ఇంటర్‌కొచ్చి, నల్లకుంటలోనే ఐఐటీ కోచింగ్‌లో చేరాక పెట్టె నాకు మిగిలింది. వాడికి రసాయనాలు లెక్కలైపోయాయి. మా స్కూల్లో ల్యాబు ఉండేది, తాళం వేసి. మేడం ఒక ట్యూబు ఎత్తి చూపిస్తే నలభైమంది అమ్మాయిలం రికార్డులో బొమ్మ గీసుకునేవాళ్లం. మూత మీద రెండు జడల పిల్ల గుర్తొచ్చేది నాకు, చేతులు ఖాళీగా.

ఈమధ్య పాత సెట్ల ఫొటోలు వెతుక్కుని చూశాను. అమెరికాలో గిల్బర్ట్ కంపెనీ 1950ల్లో అమ్మాయిల కోసమని గులాబీరంగు పెట్టె ఒకటి వేసింది. అబ్బాయిల పెట్టె కెమిస్ట్రీ సెట్టు, అమ్మాయిలదేమో ల్యాబ్ టెక్నీషియన్ సెట్టు. చేతులు ఖాళీగా ఉంచడం కంటే నయమేనేమో, ఏమో మరి. అదే కంపెనీ 1950లో యు-238 అటామిక్ ఎనర్జీ ల్యాబ్ అని ఇంకో పెట్టె తీసింది, 49.50 డాలర్లు, లోపల రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటరు, ఆ కణాల దారి చూపించే క్లౌడ్ చాంబరు, నిజమైన యురేనియం ఖనిజం ముక్కలు. మన మౌలాలి దగ్గర 1971లో పెట్టిన అణు ఇంధన కర్మాగారం ఎన్.ఎఫ్.సి.లో యురేనియంని ఎంత కాపలాలో ఉంచుతారో తెలిసినవాళ్లకి ఆ పెట్టె చూస్తే నోట మాట రాదు. మా అమ్మ అయితే దాన్ని బీరువా మీద కూడా పెట్టనిచ్చేది కాదు. ఫుల్లరీన్లు అనే బోలు కార్బన్ అణువుల్ని కనుగొన్నందుకు 1996లో నోబెల్ పంచుకున్న రాబర్ట్ కర్ల్, తొమ్మిదేళ్లప్పుడు ఇంట్లో కెమిస్ట్రీ సెట్టు కొనిచ్చారనీ, వారంలోపే కెమిస్టు కావాలని నిశ్చయించుకున్నాననీ చెప్పుకున్నాడు. నాకూ తొమ్మిదేళ్లే. నేను బ్యాంకులో చేరాను.

పెట్టె 1994లో పోయింది. సొంత ఇల్లు కట్టుకుని కూకట్‌పల్లి మారుతున్నప్పుడు ట్రే పగిలిందని అమ్మ పాత సామాన్లవాడికి వేసేసింది. ఇనప పట్టీలేమైనా ఉన్నాయేమోనని వాడు ట్రే ఎత్తి చూస్తే కింద ఉర్దూ పేపరు పొట్లాలు, నా స్టాంపులు, ఎనిమిదో క్లాసు లెక్కల పేపరు ఒకటి బయటపడ్డాయట. స్టాంపులు వెనక్కిచ్చాడు. లెక్కల పేపరు గురించి నేను అడగలేదు, అమ్మ చెప్పలేదు.

పోయిన దసరాకి మా ఆడపడుచు మనవరాలికి ఒక సెట్టు కొన్నాను. మూత మీద గాగుల్స్ పెట్టుకున్న అమ్మాయే ముందు నిలబడి ఉంది, ట్యూబు తన చేతిలోనే. లోపల మందపాటి అట్ట, రేకు పాకెట్లు, స్కాన్ చేసుకోమని ఒక కోడు. వంటసోడా, నిమ్మ ఉప్పు, తినే రంగులు, ఇంతే. ఘాటు లేదు, మంట లేదు, ఇంటూ గుర్తు లేదు. తిడదామనుకున్నాను కానీ, ఆరేళ్ల పిల్ల చేతికి మైలుతుత్తం ఇవ్వమని ఎవరితోనైనా ఎలా అంటాను?

అమ్మ పక్కనే కూర్చుని ఉంది. కళ్లజోడు పెట్టుకుని ఒక పాకెట్టు చేతిలోకి తీసుకుని, "ఇదేమిటే?" అంది. చదివి చెప్పాను, సోడియం బైకార్బనేట్. ఈసారి దూరం జరగలేదు. పాకెట్టు అటూ ఇటూ తిప్పి, పెట్టె అడుగున ధర ఎంతుందో చదవమంది. చదివాను.

"బజ్జీల సోడాకి పదిహేను వందలా? వాపసు ఇచ్చేసి రా, వంటింట్లో డబ్బా నిండా ఉంది" అంది.